డాడ్జింగ్ పుల్ల: తల చుట్టూ తెల్లని వలయం, స్తంభం మీద గీత ఎందుకు వస్తున్నాయి?

కొత్తచీకటి (శనివారం, రాత్రి 10:20)

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదులో మా ఇంటి స్నానాలగదిని రాత్రిపూట డార్క్‌రూంగా మార్చుకుని ఆరు నెలలుగా బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేస్తున్నాను. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న పాత ఎన్‌లార్జర్‌కు (నెగటివ్‌లోని బొమ్మను పెంచి కాగితం మీద వేసే యంత్రానికి) 50 మి.మీ. లెన్సు ఉంది. లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 8 దగ్గర పెట్టి, రెండున్నర నంబరు ఫిల్టర్‌తో, 8×10 అంగుళాల మల్టీగ్రేడ్ కాగితానికి (ఫిల్టర్ నంబరును బట్టి కాంట్రాస్ట్ మారే కాగితం) 20 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తున్నాను.

నన్ను వారం రోజులుగా ఏడిపిస్తున్న నెగటివ్ ఒకటి ఉంది. మా నాయనమ్మ ఊళ్లో అరుగు మీద కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. ముఖం చూరు నీడలో ఉంది. తల వెనుక ముదురు రంగు టేకు తలుపు, కుడి వైపు చెక్క స్తంభం, ఎడమ వైపు మిట్టమధ్యాహ్నపు ఎండలో వాకిలి ఉన్నాయి. మామూలుగా ప్రింటు వేస్తే ముఖం బొగ్గులా, వాకిలి ఖాళీ కాగితంలా వస్తున్నాయి. ముఖాన్ని తేల్చడానికి డాడ్జింగ్ చేయాలని, అంటే ఎక్స్‌పోజర్ వేళ ఆ భాగానికి కాసేపు వెలుతురు తగలకుండా అడ్డుపెట్టాలని చదివి, సైకిల్ చువ్వ కొసకు శుభలేఖ అట్టతో కోసిన బిళ్లను అతికించాను. ప్రింటులో ముఖం వెడల్పు స్కేలుతో కొలిస్తే 3 సెం.మీ. ఉంది కాబట్టి బిళ్లను కూడా సరిగ్గా 3 సెం.మీ. కోశాను. లెన్సుకూ కాగితానికీ నడుమ సుమారు సగం ఎత్తులో పట్టుకుని, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ 6 సెకన్లు అడ్డుపెట్టాను.

ముఖం తేలింది గానీ, తల చుట్టూ తలుపు మీద దేవుడి పటంలోని ప్రభలాగా తెల్లని వలయం వచ్చింది. దానికి తోడు కుడి అంచు నుంచి స్తంభం మీదుగా చెవి దాకా లేతగా ఒక గీత పడింది. ఎనిమిది కాగితాలు వృథా అయ్యాయి. లోపం పుల్లదా, నా చేతిదా అన్నది పెద్దలు చెప్పగలరు.


పాతస్టూడియో (శనివారం, రాత్రి 11:05)

బాబూ, పుల్లదీ చేతిదీ కూడా. మీరు కొలతలతో సహా రాశారు కాబట్టి చెప్పడం సులువైంది.

మొదటిది బిళ్ల పరిమాణం. దీపం కింద చేయి పెడితే గోడ మీద నీడ చేతికన్నా పెద్దదిగా పడుతుంది కదా, ఇక్కడా అంతే. సగం ఎత్తులో పట్టుకున్న మీ 3 సెం.మీ. బిళ్ల కాగితం మీద 6 సెం.మీ. నీడ వేసింది. అది ముఖాన్ని దాటి తలుపును కూడా కప్పింది. మీ ప్రభ అదే. ముఖం కన్నా నీడ చిన్నదిగా ఉండాలి, దాన్ని ముఖం లోపలే తిప్పుతూ ఉండాలి. నుదురు, ముక్కు, బుగ్గలు పూర్తిగా తేలి, చెవుల దగ్గరకు వచ్చేసరికి ఆ తేలిక క్రమంగా తగ్గిపోవాలి. కొత్తవాళ్లందరూ బిళ్లను ఒక సైజు పెద్దదిగా కోస్తారు. నేనూ అలాగే కోసి మా యజమాని చేత చీవాట్లు తిన్నాను.

రెండవది చువ్వ. అది డాడ్జింగ్‌కు పనికొచ్చే వస్తువు కాదు. మా స్టూడియోలో, గోదావరి జిల్లాలో 1970ల సంగతి చెబుతున్నాను, ఈ పనికి కొబ్బరి ఈనెల చీపురు తప్ప మరొకటి వాడలేదు. ఈనె బరువుండదు, నిటారుగా నిలుస్తుంది, మొదట లావుగా ఉండి కొసకు వచ్చేసరికి మిల్లీమీటరు కూడా ఉండదు. లావు కొస చేతిలో, సన్నపు కొస వెలుతురులో ఉండాలి. కాస్త పాతబడిన చీపురు నుంచి తీస్తే మేలు, ఎందుకంటే పచ్చి ఈనె ఆరిన కొద్దీ వంకరపోతుంది.

బిళ్లకు మేము బజారులో ఏమీ కొనేవాళ్లం కాదు. బ్రోమైడ్ కాగితం ప్యాకెట్‌లో చుట్టి వచ్చే నల్లకాగితం ఉంటుంది చూశారా, దాన్ని రెండు పొరలుగా తుమ్మజిగురుతో అతికించి, ఆ పొరల నడుమ ఈనె కొసను ఇరికించి, పుస్తకం కింద రాత్రంతా పెట్టేవాళ్లం. ఊటీలో తయారై వచ్చిన ఇందు బ్రాండు కాగితం ప్యాకెట్లు ఖాళీ అయితే ఆ నల్లకాగితం కోసం మాలో మాకు పోటీ ఉండేది. పై వైపున మాత్రం పలుచని తెల్లకాగితం ముక్క అంటించాలి. ముఖం బొమ్మ ఆ తెలుపు మీద పడుతుంది కాబట్టి బిళ్ల ఎక్కడ ఉందో మీకు తెలుస్తుంది. కింది వైపు నలుపే ఉండాలి. మీ శుభలేఖ అట్టకు కింది వైపున బంగారు రంగు అక్షరాలు లేవు కదా?


నీడలలెక్క (ఆదివారం, ఉదయం 6:50)

పాతస్టూడియో గారు చెప్పినది అక్షరాలా నిజం. వరంగల్లులో భౌతికశాస్త్రం బోధించి విరమించుకున్నవాణ్ణి కాబట్టి, ఆ గీత ఎందుకు అంత స్పష్టంగా పడిందో లెక్క వేసి చూపించకుండా ఉండలేకపోతున్నాను.

35 మి.మీ. నెగటివ్‌ను 50 మి.మీ. లెన్సుతో 8×10కు పెంచితే లెన్సుకూ కాగితానికీ మధ్య దూరం దాదాపు 45 సెం.మీ. ఉంటుంది. ఎఫ్ 8 దగ్గర అపర్చర్ రంధ్రం వ్యాసం 50ను 8తో భాగించగా వచ్చే 6.25 మి.మీ. ఇప్పుడు మీరు ఒక చీమ అయి, కాగితం మీద స్తంభం బొమ్మ పడే చోట నిలబడి పైకి చూస్తున్నారనుకోండి. ఆ 6.25 మి.మీ. వెలుగు బిళ్ల కనిపిస్తుంది, దానికి అడ్డంగా చువ్వ కనిపిస్తుంది. చువ్వ సగం ఎత్తులో ఉంది కాబట్టి లెన్సు దగ్గరకు వచ్చేసరికి దాని మందం రెట్టింపుగా కనిపిస్తుంది. సైకిల్ చువ్వ మందం మామూలుగా 2 మి.మీ., అంటే లెన్సు మీద అది 4 మి.మీ. పట్టీ. ఆ పట్టీ వెలుగు బిళ్లలో సుమారు నాలుగింట మూడు వంతులను మూసేస్తుంది. అందువల్ల చువ్వ కదలకుండా ఉన్నచోట 6 సెకన్ల పాటు ముప్పాతిక వెలుతురు పోయింది. మొత్తం 20 సెకన్లలో అది నూటికి 22 వంతులకు పైగా నష్టం, స్టాపుల్లో చెప్పాలంటే (ఒక స్టాప్ తగ్గడమంటే వెలుతురు సగమవడం) మూడో వంతు స్టాప్‌కు కాస్త ఎక్కువ. స్తంభం లాంటి నునుపైన బూడిదరంగు మీద అంత తేడాను ఏ కన్నైనా పట్టేస్తుంది.

అదే ఎత్తులో 1 మి.మీ. ఈనె అయితే పట్టీ 2 మి.మీ. మాత్రమే. అది మూసే వెలుతురు నూటికి 40 వంతులు. ఈనెను కిందికి దించి మూడో వంతు ఎత్తులో, అంటే కాగితానికి 15 సెం.మీ. పైన పట్టుకుంటే పట్టీ 3 మి.మీ. అయి, నష్టం 60 వంతులకు చేరువవుతుంది. పుల్ల ఎంత పైకి పోతే దాని నీడ అంత కరిగిపోతుంది. కాని బిళ్ల నీడ కూడా అంత పెద్దదవుతుంది. కాగితం నుంచి మూడో వంతు ఎత్తులో బిళ్ల నీడ ఒకటిన్నర రెట్లు, సగం ఎత్తులో రెండు రెట్లు.

అసలు తప్పు మాత్రం మీ వాక్యంలోనే ఉంది. "ముందుకూ వెనక్కూ ఆడిస్తూ" అన్నారు. చువ్వను దాని పొడవు దిశలోనే జరిపితే బిళ్ల కదులుతుంది గానీ, చువ్వ నీడ ఆ గీత మీదే జారుతూ అక్కడే ఉండిపోతుంది. మీరు ఎంత ఆడించినా స్తంభం దృష్టిలో చువ్వ కదలనే లేదు. పుల్లను పక్కకు ఊపాలి, లేదా బిళ్లను ఇరుసుగా భావించి చేతిని విసనకర్రలా తిప్పాలి. సగం ఎత్తులోని 1 మి.మీ. ఈనె నీడను 3 సెం.మీ. వెడల్పున సమానంగా పరచగలిగితే, ఏ ఒక్క చోటా మొత్తం ఎక్స్‌పోజర్‌లో నూటికి రెండు వంతులకు మించి నష్టం ఉండదు. అది కనిపించదు.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. డాడ్జింగ్‌కు తీరిక దొరకాలని చాలామంది ఎఫ్ 16కు మూసి ఎక్స్‌పోజర్‌ను పొడిగిస్తారు. అప్పుడు అపర్చర్ రంధ్రం 3 మి.మీ. చిల్లర మాత్రమే అవుతుంది కాబట్టి పుల్ల నీడ మరింత పదునవుతుంది. సమయం దొరికిందని సంతోషించేలోగా గీత తిరిగి వస్తుంది.


కొత్తచీకటి (ఆదివారం, ఉదయం 9:15)

మాస్టారూ, చీమ ఉదాహరణతో నా ఎనిమిది కాగితాల గుట్టు బయటపడింది. నిన్నటి ప్రింటును మళ్లీ చూశాను. గీత చువ్వ దిశలోనే ఉంది. పాతస్టూడియో గారూ, శుభలేఖ కింది వైపున బంగారు రంగు వినాయకుడే ఉన్నాడు. అంత చిన్న ప్రతిబింబం కూడా కాగితాన్ని చెడగొడుతుందా?


పాతస్టూడియో (ఆదివారం, ఉదయం 9:40)

చెడగొట్టేది కొంచెమే. కాగితం తెల్లది కాబట్టి దాని మీద పడిన వెలుతురు పైకి లేచి, మీ బిళ్ల అడుగున తగిలి, మళ్లీ కాగితం మీదకు దిగుతుంది. నిగనిగలాడే అట్ట అయితే ఆ వెలుతురు మీరు కాపాడదలచిన నీడలోకే వెళ్తుంది. నల్లరంగుకు ఖర్చేమీ లేనప్పుడు ఆ కొంచెమైనా ఎందుకు వదులుకోవాలి?


ఎర్రబల్బు (ఆదివారం, మధ్యాహ్నం 1:30)

పుల్ల గురించి పెద్దలు చెప్పినదానితో నాకు పేచీ లేదు. ఈ నెగటివ్‌కు మందు డాడ్జింగ్ ఒక్కటేనా అన్నదే నా సందేహం.

20 సెకన్లలో 6 సెకన్లు ఆపడమంటే నూటికి 30 వంతులు, దాదాపు అర స్టాప్. నీడలో ఉన్న ముఖంలో నెగటివ్ అసలే పలచగా ఉంది. అక్కడ కాగితానికి చేరే వెలుతురును అంత తగ్గిస్తే ముఖం లేతబడుతుంది గానీ, కంటి పాపలూ ముడుతల లోతూ కూడా నలుపు కోల్పోయి బూడిద పూసినట్లు అవుతాయి. నా అనుభవంలో 20 వంతులు దాటిన డాడ్జింగ్ చాలా నెగటివ్‌లలో తన గుట్టు తానే బయటపెట్టుకుంటుంది. కాబట్టి ముఖానికి సరిపోయేలా మొత్తం ఎక్స్‌పోజర్‌ను 16 సెకన్లకు తగ్గించి, వాకిలికి విడిగా అదనపు వెలుతురు ఇవ్వండి. వాకిలి ప్రింటు అంచున ఉంది కాబట్టి దానికి రంధ్రమున్న అట్ట కూడా అక్కరలేదు. ఒక పెద్ద అట్టతో మిగిలినదంతా కప్పి, దాని అంచును అరుగు గట్టు వెంబడి ఆడిస్తే చాలు.

మీ దగ్గర మల్టీగ్రేడ్ కాగితం ఉంది కాబట్టి ఇంకొక సౌకర్యం కూడా ఉంది. ఎక్స్‌పోజర్‌ను రెండుగా విడగొట్టి, కాంట్రాస్ట్ అతి తక్కువగా ఇచ్చే 00 ఫిల్టర్‌తో కొంత, అతి ఎక్కువగా ఇచ్చే 5 ఫిల్టర్‌తో కొంత ఇవ్వండి. ముఖాన్ని 00 ఫిల్టర్ వేళ మాత్రమే డాడ్జ్ చేయండి. చర్మం రంగును ఎక్కువగా నిర్ణయించేది ఆ మెత్తని ఎక్స్‌పోజరే కాబట్టి చర్మం తేలుతుంది. 5 ఫిల్టర్ ఎక్స్‌పోజర్‌ను ముట్టుకోరు కాబట్టి పాపల నలుపు చాలావరకు నిలుస్తుంది. ముఖం తేలడంతో పాటు ఆ చోట కాంట్రాస్ట్ కూడా కాస్త పెరుగుతుంది. ఒకే ఫిల్టర్‌తో ఒకే ఎక్స్‌పోజర్ ఇచ్చే పద్ధతిలో ఈ వెసులుబాటు లేదు. వాకిలికి ఇచ్చే అదనపు వెలుతురు కూడా 00తోనే ఇస్తే దట్టమైన ఆ భాగంలో నేల గరుకు త్వరగా పలుకుతుంది.


పాతస్టూడియో (ఆదివారం, మధ్యాహ్నం 3:10)

అమ్మా, మీరు చెప్పిన ఫిల్టర్ల విద్య నాకు తరువాతి కాలంలో తెలిసింది. ఇలాంటి కాగితాన్ని ఇల్ఫర్డ్ 1940లోనే తెచ్చిందట గానీ, మా ఊరి స్టూడియోకు వచ్చినవి కాంట్రాస్ట్ మార్చడానికి వీలులేని రెండో నంబరు, మూడో నంబరు కాగితాలే. అందుకని ఉన్న కాగితంలోనే చేతితో సర్దుకునేవాళ్లం.

ఒక మాట మీద మాత్రం మీతో ఏకీభవించలేను. 16 సెకన్లకు తగ్గిస్తే ముఖంతో పాటు తలుపు, స్తంభం కూడా లేతబడతాయి. ఈ ఫోటోకు బలమే ఆ ముదురు తలుపు. తలుపు నల్లగా ఉంటేనే తెల్లజుట్టు వెలుగుతుంది. తలుపునూ స్తంభాన్నీ విడివిడిగా మళ్లీ కాల్చుకుంటూ (అదనపు వెలుతురు ఇచ్చి ముదురు చేసుకుంటూ) రావడం కన్నా, 3 సెం.మీ. ముఖాన్ని నాలుగు సెకన్లు ఆపడం తేలిక. చిన్నదాన్ని ఆపాలి, పెద్దదాన్ని కాల్చాలి అన్నది మా యజమాని లెక్క. వాకిలిని కాల్చమనడం బాగుంది, దాన్ని ఒప్పుకుంటాను.

పెద్ద నెగటివ్‌లకు మా దగ్గర ఇంకొక ఉపాయం ఉండేది. న్యూ కాక్సిన్ అనే ఎర్ర రంగును బాగా పలుచన చేసి, సన్న కుంచెతో నెగటివ్‌లో ముఖం భాగం మీద పొర మీద పొరగా అద్దేవాళ్లం. కాగితానికి ఎరుపు కనిపించదు కాబట్టి ఆ భాగం దట్టమైనట్లే లెక్క. ప్రతి ప్రింటుకూ విడిగా డాడ్జింగ్ అక్కరలేదు, వంద కాపీలు ఒకేలా వచ్చేవి. ఎక్కువైతే నీళ్లలో కడిగేయవచ్చు. కాని 35 మి.మీ. నెగటివ్‌లో ముఖం మినపగింజంత ఉంటుంది. దాని మీద కుంచె పెట్టే సాహసం నేను చేయను, మీరూ చేయవద్దు.


మిషిగన్‌వాసి (ఆదివారం, రాత్రి 8:45)

ఇక్కడ నేను వెళ్లే సామూహిక డార్క్‌రూంలో బట్టలు తగిలించే హ్యాంగర్ తీగలతో చేసిన పుల్లలే డబ్బా నిండా ఉన్నాయి. మాస్టారి లెక్క చదివాక వాటిని చూస్తే జాలేసింది. అవి సైకిల్ చువ్వకు ఏమాత్రం తీసిపోవు.

పుల్లే లేని పద్ధతి ఒకటి చెబుతాను. శుభ్రమైన పలుచని గాజుపలక మధ్యలో చిన్న దూదిపింజనో, నల్లకాగితం ముక్కనో అంటించి, పలకను రెండు చేతులతో పట్టుకుని లెన్సు కింద నెమ్మదిగా తిప్పితే గీత పడే ప్రసక్తే లేదు. దూది అంచులు పీచుగా ఉంటాయి కాబట్టి నీడ అంచులు కూడా మెత్తగా కలిసిపోతాయి. తెరముద్రణ వాళ్లు వాడే ఎర్రని మాస్కింగ్ ఫిల్మ్ దొరికితే ఇంకా మంచిది. దాన్ని బిళ్లగా కోస్తే కాగితానికి ఆ ఎరుపు చీకటే, మీ కంటికి మాత్రం దాని కింద ముఖం ఎర్రగా కనిపిస్తూనే ఉంటుంది. బిళ్ల కింద ఏముందో ఊహించుకోవలసిన బాధ తప్పుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఫోటోషాప్‌లో డాడ్జ్ అనే పనిముట్టు గుర్తుగా పుల్ల మీద బిళ్ల బొమ్మ ఉంటుంది. చాలామంది పిల్లలు దాన్ని భూతద్దం అనుకుంటారు. 1990లో ఆ సాఫ్ట్‌వేరు మొదటిసారి విడుదల కావడానికి కారకులైన నోల్ సోదరుల ఇంట్లో, ఇక్కడి ఆన్ ఆర్బర్‌లో, వాళ్ల తండ్రికి సొంత డార్క్‌రూం ఉండేది. తెర మీది ఆ పుల్ల ఆ గదిలో పుట్టిందేనని నాకు అనిపిస్తుంది.


నీడలలెక్క (సోమవారం, ఉదయం 7:05)

గాజుపలకకు ఒక చిన్న హెచ్చరిక. గాజు మీద పడిన వెలుతురులో నూటికి ఎనిమిది వంతుల దాకా దాని రెండు ముఖాల నుంచి వెనక్కు తిరిగిపోతుంది. డాడ్జింగ్ చేసే కొద్ది సెకన్లు మాత్రమే పలక ఉంటుంది కాబట్టి మొత్తం మీద ఆ నష్టం స్వల్పమే. కాని పలక అంచు బొమ్మలో పడిందంటే చువ్వ గీత కన్నా ఘోరమైన గీత వస్తుంది. బొమ్మ కన్నా పలక అన్ని వైపులా పెద్దదిగా ఉండేటట్లు చూసుకోండి. వేలిముద్రలు ఫోకస్‌లో ఉండవు కాబట్టి వాటి గురించి బెంగ అక్కరలేదు.


కొత్తచీకటి (బుధవారం, రాత్రి 11:50)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మూడు రాత్రుల ఫలితం ఇది.

వంటింట్లో చీపురు నుంచి నాలుగు ఈనెలు తీశాను. బిళ్లను కొలతతో కాకుండా బొమ్మతోనే కోశాను. ఈజిల్ (కాగితాన్ని పట్టి ఉంచే చట్రం) మీద 15 సెం.మీ. ఎత్తున పుస్తకాలు పేర్చి, పైన తెల్ల అట్ట పెట్టి, లెన్సును ఎఫ్ 16కు మూసి దీపం వేశాను. ఆ ఎత్తులో ముఖం మసకగానైనా 2 సెం.మీ. వెడల్పున కనిపించింది. పెన్సిల్‌తో దాని అంచు గీసి, ఆ గీతకు లోపలగా 1.6 సెం.మీ. వెడల్పున కోలగా కోశాను. అదే ఎత్తులో పట్టుకుంటే దాని నీడ 2.4 సెం.మీ. అవుతుంది, అంటే ముఖం లోపలే ఉంటుంది. నల్లకాగితం, తుమ్మజిగురు, పైన తెల్లకాగితం అంతా పాతస్టూడియో గారు చెప్పినట్లే పెట్టాను. ఈనె ఎత్తు తప్పకుండా ఉండాలని ఎన్‌లార్జర్ స్తంభానికి 15 సెం.మీ. దగ్గర రబ్బరు బ్యాండు కట్టుకుని, దాన్ని చూస్తూ చేయి ఆడించాను.

లెన్సును మళ్లీ ఎఫ్ 8కు తెరిచి వేసిన మొదటి ప్రింటులోనే వలయం పోయింది, గీత జాడ కూడా లేదు. కాని ఎర్రబల్బు గారు హెచ్చరించినట్లే 6 సెకన్లకు ముఖం బూడిద పూసినట్లు వచ్చింది. ముక్కుపుడక మెరుపుకూ బుగ్గకూ తేడా లేకుండా పోయింది. 4 సెకన్లకు తగ్గించి, వాకిలికి విడిగా 00 ఫిల్టర్‌తో 25 సెకన్లు ఇచ్చాక నేల మీద కోడిపిల్లల అడుగుజాడలు కనిపించాయి. అవి అక్కడ ఉన్నాయని నాకు ఇంతవరకు తెలియదు.

ఒక ఇబ్బంది మాత్రం మిగిలింది. రాత్రి తడిగా ఉన్నప్పుడు ముఖం సరిగ్గా కుదిరిందనుకున్నాను. పొద్దున ఆరిన తరువాత చూస్తే కాస్త ముదురుగా అనిపిస్తోంది. ఇది నా భ్రమా?


ఎర్రబల్బు (గురువారం, ఉదయం 8:20)

భ్రమ కాదు. తడి కాగితం కన్నా ఆరిన కాగితం ముదురుగా కనిపిస్తుంది. మీది ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం కాబట్టి తేడా తక్కువ, ఫైబర్ కాగితమైతే ఇంకా ఎక్కువ. తడి ప్రింటును ఎర్రదీపం కిందనో, ప్రకాశవంతమైన ట్యూబులైటు కిందనో చూసి నిర్ణయించకండి. ముఖం ఉన్న భాగం మాత్రం వచ్చేలా చిన్న కాగితం ముక్కల మీద 3, 4, 5, 6 సెకన్ల డాడ్జింగులు చేసి, వాటిని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, ఫోటో చివరకు ఏ గోడ మీద ఉంటుందో అక్కడ పెట్టి చూడండి. నాకు పాతస్టూడియో గారి తలుపు వాదన నచ్చింది. 16 సెకన్ల ప్రతిపాదనను వెనక్కు తీసుకుంటున్నాను. 00 వేళ మాత్రమే డాడ్జ్ చేయమన్న మాటను మాత్రం వదలను.


కొత్తచీకటి (ఆదివారం, రాత్రి 10:30)

ముక్కలు ఆరబెట్టి చూశాను. 00 ఫిల్టర్‌తో 11 సెకన్లు, 5 ఫిల్టర్‌తో 9 సెకన్లు ఇచ్చి, 00 వేళ ముఖాన్ని 5 సెకన్లు ఆపితే పాపలు నల్లగానే ఉండి చర్మం తేలింది. ఎర్రబల్బు గారి మాటే నిజమైంది. మొదట ఆ 5 సెకన్లను దీపం ఆర్పుతూ వేస్తూ రెండు విడతలుగా ఇచ్చాను గానీ, ప్రింట్లు ఒకదానితో ఒకటి సరిపోలేదు. బల్బు వెలుతురు అందుకోవడానికి ప్రతిసారీ కొంత సమయం తీసుకుంటుందని ఆలస్యంగా గ్రహించాను. ఇప్పుడు ఒకే విడతలో, మూడో సెకను నుంచి ఎనిమిదో సెకను దాకా డాడ్జ్ చేస్తున్నాను. ఎన్‌లార్జర్ లెన్సు కింద ఉండే ఎర్రని ఫిల్టర్‌ను అడ్డుపెట్టి, కాగితం ఈజిల్‌లో ఉండగానే రెండుసార్లు ఉత్తిచేతి సాధన చేశాక అసలు ఎక్స్‌పోజర్ ఇస్తున్నాను.

చివరి సందేహం ఒకటి. ఇదే రీలులో మరొక నెగటివ్‌లో గుమ్మంలో ఇద్దరు పిల్లలు పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి ముఖాలూ నీడలోనే ఉన్నాయి. ఒక ఈనెకు రెండు బిళ్లలు పెట్టవచ్చా?


పాతస్టూడియో (సోమవారం, ఉదయం 6:15)

పెట్టవచ్చు. పెళ్లి ఫోటోల్లో వధూవరులకు మేము అలాగే పెట్టేవాళ్లం. ఈనె కొసను చీల్చి పంగలా విడదీసి, ఒక్కో కొసకు ఒక్కో బిళ్ల. కాని బిళ్లల మధ్య దూరం ఒకే ఒక ఎత్తులో సరిపోతుంది. మీరు పుస్తకాలు పేర్చిన పద్ధతిలోనే రెండు ముఖాలనూ అట్ట మీద గీసుకుని, ఆ దూరాన్ని పంగకు ఇవ్వండి. ఆడించేటప్పుడు విసనకర్ర తిప్పుడు పనికిరాదు. తిప్పితే ఒక బిళ్ల ముఖం మీద ఉండగా రెండోది గుమ్మం మీదకు పోతుంది. చిన్న వలయాలుగా, రుబ్బురోలు పొత్రం తిప్పినట్లు చేయి ఆడించాలి.

ఇద్దరిలో ఒకరు మరీ నీడలో ఉంటే పంగ వద్దు. ఒకే బిళ్లతో ముందు ఒకరిని 3 సెకన్లు, వెంటనే రెండోవారిని 5 సెకన్లు ఆపండి. 11 సెకన్లలో రెండూ ఇమిడిపోతాయి. ఏ ముఖానికి ఎన్ని సెకన్లో ప్రింటు వెనుక పెన్సిల్‌తో రాసి, ఆ ఈనెను నెగటివ్ కవరులోనే దాచండి. మళ్లీ కాపీ అడిగినప్పుడు కొత్త బిళ్ల కోయడం మొదలుపెడితే ఈ ఎనిమిది కాగితాల కథ మళ్లీ మొదటికొస్తుంది.